గాటు పడని పొట్ట

దుప్పటి ఎత్తి మళ్ళీ చూసుకున్నాడు ఎసెన్‌గెల్ది. పొట్ట మీద ఎక్కడా గాటు లేదు. బొడ్డుకి పైన లేదు, కింద లేదు, పక్కల్లో లేదు. ఇన్నేళ్ళూ ఎలా ఉందో అలాగే ఉంది, కాస్త జారి, నెరిసిన వెంట్రుకలతో. రెండు గజ్జల్లోనూ మాత్రం చెరొక దూదిపట్టీ అంటించి ఉంది. ఎంత పట్టీ? అరచేతిలో సగం. దాని కింద ఆపరేషనేంటి, దోమ కుడితే అంటించుకునేది గాని!

నిన్న పొద్దున చక్రాల మంచం మీద తోసుకుపోయారు. పొట్టలో పెద్ద నెత్తురు గొట్టం ఉబ్బిందనీ, అది పగిలితే ఆసుపత్రి గుమ్మం దాకా కూడా రాలేడనీ, వెంటనే బాగుచెయ్యాలనీ చెప్పి ఊళ్ళోంచి అల్మాటీ దాకా తెచ్చారు. మరి బాగుచెయ్యాలంటే విప్పాలా వద్దా? కెగెన్ రోడ్డు మీద టైర్ల కొట్టు పెట్టి ముసలివాడయ్యాడు ఎసెన్. టైరు విప్పకుండా ట్యూబుకి అతుకేసిన మొనగాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు.

అందులోనూ ఉబ్బిన టైరు. మేకు దిగితే అతుకు వెయ్యొచ్చు. పక్క ఉబ్బి బుడగ కట్టిందంటే తీసి అవతల పారెయ్యడమే. సరిహద్దుకి పోయే లారీవాళ్ళు వింటారా? "ఏదో ఒకటి చెయ్యి అన్నా, ఊరు చేరితే చాలు" అని గడ్డం పట్టుకుంటారు. అప్పుడు ఎసెన్ కాస్త గాలి తీసేసి, టైరుని చేత్తో తట్టి, వాళ్ళ మొహం చూడకుండా "పర్లేదు, మెల్లిగా పో" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు గొంతు ఒకలా మెత్తబడుతుంది.

ఇందాక డాక్టరమ్మ గొంతు సరిగ్గా అలాగే మెత్తబడింది.

"అంతా బాగా జరిగింది పెదనాన్నా. మెల్లిగా తిరగండి, బరువులెత్తకండి."

డాక్టరమ్మ పేరు కర్లిగాష్. మనిషి ఇంతే ఉంటుంది. మంచం పక్కన నిలబడితే సెలైన్ కడ్డీ ఆవిడ కంటే పొడుగు. ఈ పిల్ల తన పొట్టలో చెయ్యి పెట్టిందంటే నమ్మేదెలా?

"ఎక్కడ కోశావమ్మా?" అన్నాడు ఎసెన్.

"కొయ్యలేదుగా! గజ్జల్లో సూది గుచ్చి, నెత్తురు గొట్టం లోంచే పైకి వెళ్ళాం. గుడ్డతో చేసిన చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని మడిచి తీసుకెళ్ళి, ఉబ్బిన చోట విప్పేశాం. ఇక నెత్తురంతా దాన్లోంచి పోతుంది. ఉబ్బు మీద ఒత్తిడి ఉండదు."

"గుడ్డా?"

"గుడ్డే. చుట్టూ తీగ చట్రం ఉంటుందిలెండి. ఆర్నెల్లకి ఒకసారి వచ్చి చూపించుకోవాలి మరి."

"బాగైపోయిందన్నావు. మళ్ళీ చూపించుకోడం ఎందుకు?"

"గొట్టం జారిందేమో, పక్కనించి కారుతోందేమో చూడాలిగా" అని ఆవిడ చేతిలో ఫోన్ మోగితే వెళ్ళిపోయింది.

గుడ్డ. జారుడు. కారుడు. ఎసెన్ పైకప్పు వంక చూస్తూ ఆ మూడు మాటలూ నెమరేశాడు. చావుకి దగ్గరపడ్డవాడికి ఆ సంగతి చెప్పరు మనవాళ్ళు. పెళ్ళానికి చెప్తారు, అన్నకి చెప్తారు, వియ్యంకులకి చెప్తారు. ఊరంతా తెలుస్తుంది. వాడికి మాత్రం "ఏం లేదు, అరుగుదల సరిగా లేదు" అంటారు. పొట్ట తెరిచి చూసి, లాభం లేదని మళ్ళీ కుట్టేసిన వాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు? తనకైతే తెరవను కూడా తెరవలేదు. పైనించి చూసేసరికే పనైపోయిందని తేలినట్టుంది.

భార్య బల్జాన్ ఫ్లాస్కు మూతలోకి గొర్రె మాంసం రసం వంపింది. ఆవిరి మొహానికి తగలకుండా ఊదుతోంది. ఎసెన్ ఆమె కళ్ళే చూస్తున్నాడు. ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చావా?"

"ఎందుకేడుస్తాను? ఉల్లిపాయలు."

"ఆసుపత్రిలో ఉల్లిపాయలెక్కడివే?"

"తాగవయ్యా బాబూ, చల్లారిపోతుంది" అని మూత నోటికి ఆనించింది బల్జాన్. అంతలో ఆమె జేబులో ఫోన్ కదిలింది. ఫోన్ వంక చూసి, మూత అతని చేతిలో పెట్టి, వరండాలోకి పరిగెత్తింది. తలుపు సందులోంచి గుసగుస. "లేదు, చెప్పలేదు... ఎలా చెప్పను?... తెలిస్తే ఊరుకుంటాడా?"

ఎసెన్ రసం మూత పక్కన పెట్టేశాడు. ఆమె తిరిగొచ్చాక, "ఎవరు?" అన్నాడు.

"మా చెల్లెలు."

"చెల్లెలితో గుసగుసలెందుకే?"

"ఇది ఆసుపత్రి. అరిస్తే తోలేస్తారు."

జవాబు బాగానే ఉంది. కానీ పెళ్ళైన నాటినించీ ఈవిడ చెల్లెలితో మాట్లాడితే వీధి చివరికి వినపడేది. ఎసెన్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మర్నాడు లేపి నడిపించారు. గజ్జలు సలిపాయి గాని కాళ్ళు బాగానే పడ్డాయి. "శభాష్ పెదనాన్నా!" అంది నర్సు. ఈ శభాషులు కూడా అతనికి నచ్చలేదు. బాగున్నవాడు నాలుగడుగులు వేస్తే ఎవడైనా శభాష్ అంటాడా?

మధ్యాహ్నం ఝప్పార్ దిగాడు. ఎసెన్ పెదనాన్న కొడుకు, వంశంలో అందరికంటే పెద్ద. ఎక్కడ పెళ్ళైనా చావైనా ముందు వరసలో కూర్చునేది ఆయనే. నల్ల గొర్రెపిల్ల ఉన్ని టోపీ, పొడుగు కోటు, బూట్ల మీద ఆసుపత్రివాళ్ళ నీలం ప్లాస్టిక్ తొడుగులు. ఉడికించిన గుర్రపు మాంసం పొట్లం బల్జాన్ చేతికిచ్చి, మంచం పక్కన కుర్చీ లాక్కుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. మామూలుగా ఝప్పార్ నోరు మూయించాలంటే నలుగురు కావాలి.

తర్వాత ఎసెన్ చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, ఒక కంచంలో తిని పెరిగాం. ఎప్పుడో ఒక మాట అనుకునుంటాం. నా వల్ల ఏ తప్పు జరిగినా మనసులో పెట్టుకోకు. నేను నిన్ను మనస్ఫూర్తిగా మన్నించాను. నువ్వు కూడా మన్నించానను."

ఇవి పలకరింపు మాటలు కావు. జ్వరం వచ్చినవాడి దగ్గర అనరు, కాలు విరిగినవాడి దగ్గర అనరు. పోయేవాడి దగ్గర, ఇక ఆశ లేదని తెలిశాక, పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అనే మాటలు. ఆ తర్వాత నోట్లో నీళ్ళ చుక్కలు, ప్రార్థన, అంతే.

"బావగారూ!" అని పళ్ళబిగువున అరిచింది బల్జాన్. ఆమె చేతిలో పొట్లం జారి కింద పడింది.

"ఏమ్మా, ఎప్పటికైనా అనాల్సిందేగా" అని గొణిగాడు ఝప్పార్.

ఎసెన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అనుకున్నదే. అయినా చెవులారా వింటే ఇంకోలా ఉంది. పెదాలు తడి చేసుకుని, ఆచారం ప్రకారం అనాల్సింది అన్నాడు. "మన్నించాను అన్నా. నువ్వు కూడా మన్నించు."

ఝప్పార్ కళ్ళు తుడుచుకుంటూ బయటికి పోయాడు. బల్జాన్ ఆయన వెనకే వెళ్ళి వరండాలో ఏదో కస్సుబుస్సులాడింది. లోపలికొచ్చి, "ఆయనకి మతి లేదు. నర్సునెవరినో అడిగాడట, కోసి ఆపరేషన్ చేశారా అని. లేదు, కొయ్యలేదు అందట. ఇంక ఏదేదో ఊహించేసుకున్నాడు" అంది.

"చాల్లే బల్జాన్. నా దగ్గర దాచకు ఇంక."

"దేవుడి మీద ఒట్టు, ఏం దాచట్లేదయ్యా!"

"వరండాలో గుసగుసలు?"

బల్జాన్ నోరు తెరిచి మూసుకుంది. ఆ ఒక్క క్షణం చాలు ఎసెన్‌కి. ఇక ఆమెని ఏమీ అడగలేదు. పడుకుని కొట్టు గురించి ఆలోచించాడు, గాలి పంపు బెల్టు మార్చాల్సి ఉంది. మనవరాలి గురించి ఆలోచించాడు. చివరికి ఆలోచన ఎక్కడికి పోకూడదో అక్కడికే పోయింది. తమ్ముడు తోక్తార్ దగ్గరికి.

వాడి పేరు ఇంట్లో ఎత్తి ఏళ్ళైంది. మేనకోడలి పెళ్ళిలో వియ్యాలవారు పంక్తిలో పెద్దవాడికి మర్యాదగా ఇచ్చే ఉడికించిన గొర్రె తలకాయ తెచ్చి తోక్తార్ ముందు పెట్టారు. స్కూలు హెడ్మాస్టరు కదా, వాళ్ళకి గొప్ప. పక్కనే సొంత అన్న కూర్చుని ఉండగా తలకాయ ముందుకొస్తే తమ్ముడన్నవాడు ఏం చెయ్యాలి? పళ్ళెం అన్నవైపు తిప్పాలి. పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. తోక్తార్ తిప్పలేదు. కత్తి తీసుకుని చెవి కోసి, నవ్వుతూ పక్కన పిల్లలకి పంచాడు. ఎసెన్ చేతులు కూడా కడుక్కోకుండా లేచొచ్చేశాడు. ఆ తర్వాత ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

ఇప్పుడు ఒకరినొకరు మన్నించుకోకుండా పోతే ఆ బరువు అక్కడికి కూడా వెంట వస్తుంది. ఎసెన్‌కి ఏడుపొచ్చింది. తన కోసం కాదు. వెధవ, చిన్నప్పుడు తన భుజాల మీద ఎక్కి జుట్టు పట్టుకు తోలేవాడు.

మర్నాడు పొద్దున లేస్తూనే అన్నాడు. "తోక్తార్‌ని పిలిపించు. పోయేలోపల వాణ్ణి చూడాలి."

బల్జాన్ మంచం అంచున కూలబడింది. "పిలిపించక్కర్లేదు" అంది. "కింద ఉన్నాడు."

"కిందంటే?"

"కింద హాల్లో. నిన్ను లోపలికి తోసుకుపోయిన రోజునించీ అక్కడే ఇనప కుర్చీల్లో పడుంటున్నాడు. పైకి రమ్మంటే రాడు. అన్నకి కోపం వస్తే ఒంటికి మంచిది కాదంటాడు. అయినా గంటకోసారి ఫోను. తిన్నాడా వదినా, పడుకున్నాడా వదినా, లేచి నడిచాడా. నీకు చెప్తే చంపుతావని నేను గుసగుసలాడాల్సొచ్చింది. చెల్లెలూ లేదు, గిల్లెలూ లేదు."

ఎసెన్ మంచం కమ్మీ పట్టుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత, "వాడు కింద తిన్నాడా?" అని అడిగాడు.

తోక్తార్ పైకొచ్చాడు. వెనకే ఝప్పార్. ఇలాంటివాటికి ఆయన లేకుండా ఎలా? తోక్తార్ జుట్టు బాగా నెరిసింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, వంగి నడుస్తున్నాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దగ్గరికి రారా" అన్నాడు ఎసెన్. "నన్ను మన్నించు. నేను కూడా నిన్ను మన్నించాను."

అంతే, తోక్తార్ మంచం మీద పడి అన్న మెడ చుట్టూ చేతులేసి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "నాదే తప్పన్నా! ఆ పళ్ళెం నీవైపు తిప్పాల్సింది. వాళ్ళు పొగుడుతుంటే కళ్ళు నెత్తికెక్కాయి. ఆ రాత్రే రావాల్సింది, మొహం చెల్లలేదు." బల్జాన్ ఏడుస్తోంది. ఝప్పార్ ప్రార్థన మొదలుపెట్టాడు. గది నిండా ముక్కులు చీదుతున్న చప్పుడు.

తలుపు తోసుకుని డాక్టర్ కర్లిగాష్ వచ్చింది. వెనక ఒక నర్సు చిన్న స్కానింగ్ బండి తోసుకొస్తోంది. ఇద్దరూ గుమ్మంలో బిగుసుకుపోయారు.

"ఎవరు పోయారు?" అంది డాక్టరమ్మ.

ఝప్పార్ గడ్డంతో ఎసెన్‌వైపు చూపించాడు.

"ఈయనా? ఈయన్ని రేపు ఇంటికి పంపుతున్నాను!" ఆవిడకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "నాలుగు గంటలు నిలబడి చేశాను. ముత్యంలా కుదిరింది. ఏం పెదనాన్నా, ఎవరు చెప్పారు పోతారని?"

ఎసెన్ ఆవిడ మొహంలోకి గుచ్చి గుచ్చి చూశాడు. పోయేవాడి ముందు మనిషి ఇంత కోపంగా ఉంటాడా? ఏమో. నిజమే చెప్తోందేమో. ఇదో కొత్తరకం నాటకమేమో.

ఈలోగా ఆవిడ చూపు తోక్తార్ నడుం మీదున్న చెయ్యి దగ్గర ఆగింది. "మీరెవరు? సొంత తమ్ముడా? నడుం నొప్పా?"

"ఆ కింద కుర్చీలు" అన్నాడు తోక్తార్ ముక్కు తుడుచుకుంటూ. "హెడ్మాస్టర్ని శిక్షించడానికి చేయించినట్టున్నారు."

"ఈ జబ్బు అన్నదమ్ముల్లో నడుస్తుంది. బండి ఎలాగూ వచ్చింది, ఒక్క నిమిషం పడుకోండి."

తోక్తార్ సణుగుతూ అన్న మంచం మీదే పడుకుని చొక్కా పైకెత్తాడు. ఆవిడ పొట్ట మీద జిగురు రాసి, పరికరం ఆనించి, తెర చూస్తూ "స్కూల్లో ఏం చెప్పేవారు?" అని అడిగింది. "లెక్కలు" అన్నాడు తోక్తార్. ఆవిడ ఇంకేం అడగలేదు. పరికరాన్ని అటూ ఇటూ జరిపింది, మళ్ళీ వెనక్కి తెచ్చింది. రెండ్రోజులుగా మొహాలు చదవడమే పనిగా పెట్టుకున్నవాడు ఎసెన్. ఆవిడ మొహంలో నవ్వు ఎక్కడ ఆరిపోయిందో సరిగ్గా ఆ క్షణం పట్టుకున్నాడు.

"లేవకండి, ఇప్పుడే వస్తా" అని నవ్వు మళ్ళీ అంటించుకుని, "పెదనాన్నా, మీరోసారి బయటికి రండి" అంది.

వరండాలో ఆవిడ గొంతు మెత్తగా లేదు. "మీ తమ్ముడిది మీదానికంటే పెద్దది. గోడ బాగా పల్చబడింది. ఆ నొప్పి కుర్చీది కాదు. ఏ నిమిషమైనా చిరగొచ్చు. ఇప్పుడే పెద్ద స్కానింగ్ తీసి, ఇవాళే లోపలికి తీసుకెళ్ళాలి. నేను ఆపరేషన్ గది ఖాళీ చేయించి వస్తా. ఈలోగా ఆయన కదలకూడదు, రక్తపోటు పెరక్కూడదు. కోపం, కంగారు ఏదీ రానివ్వకండి." పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

వెనకే వచ్చి అంతా విన్న బల్జాన్ మొగుడి చొక్కా పట్టుకుంది. "చెప్పకయ్యా. వింటేనే గుండె ఆగిపోతుంది. అరుగుదల మందిస్తారని చెప్పు."

లోపలికెళ్ళేసరికి తోక్తార్ లేచి కోటు తొడుక్కుంటున్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది. ఝప్పార్ నోరు ఊరుకుంటుందా! "చావూ లేదు గీవూ లేదట, మనందర్నీ ఏడిపించాడు చూడు" అని ఏదో అనేశాడు.

"బాగా ఆడావన్నా నాటకం" అన్నాడు తోక్తార్. "చావు పేరు చెప్పి, ఝప్పారన్నని సాక్షిగా పెట్టుకుని, నా నోటితో నాదే తప్పనిపించావు. తృప్తేనా? నేను పోతున్నా. బస్సుంది."

"కూర్చోరా. టీ తాగి వెళ్దువు."

"నీ టీ ఎవడిక్కావాలి?" అని రెండడుగులు వేసి, నడుం పట్టుకుని ఆగాడు. అన్న మొహం చూశాడు. "ఏంటలా చూస్తున్నావు? డాక్టరేమంది నీతో?"

ఏం లేదు అనబోయాడు ఎసెన్. మాట నాలుక చివరికొచ్చింది. చెప్తే గుండె పగులుతుంది, చెప్పకపోతే బస్సెక్కుతాడు, కొండ దారిలో గతుకులు. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నాకున్నదే నీకూ ఉంది. నాదానికంటే పెద్దది. ఇవాళే చెయ్యాలట."

తోక్తార్ నవ్వాడు. "అదీ సంగతి! పగ ఇంకా తీరలేదన్నమాట. పడుకోబెట్టి నా చేత ఇంకా ఏమనిపిద్దామని?"

"నిజంరా."

"జరుగు."

ఎసెన్ జరగలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని, వాడి కోటు కిందనించి, వాడి పొట్ట మీదే ఆనించాడు. "నొక్కకు. ఊరికే పెట్టు."

"కొట్టుకుంటోంది. అయితే? నెత్తురున్నవాడెవడికైనా కొట్టుకుంటుంది."

"ఇప్పుడు నాది చూడు."

అదే చేతిని తన పొట్ట మీదికి తెచ్చుకున్నాడు. ఆపరేషన్‌కి ముందు పడుకుంటే బొడ్డు దగ్గర చొక్కా ఎగిరెగిరి పడేది. ఆ తర్వాత భయంతో అక్కడ వేలు కూడా పెట్టలేదు. తోక్తార్ అరచెయ్యి అక్కడ ఆగింది. కొంచెం జరిగింది. మళ్ళీ ఆగింది.

"నీది నెమ్మదిగా ఉందే" అన్నాడు తోక్తార్. "ఏమీ తెలియట్లేదు."

ఎసెన్ తన చెయ్యి కూడా పక్కన పెట్టాడు. నిజమే, ఏమీ ఎగరడం లేదు. అంటే ఆ పిల్ల చెప్పిందంతా నిజం. ఆ గుడ్డా నిజమే, గొట్టమూ నిజమే. తలుపుకి ఇంకాస్త ఆనుకున్నాడు.

తోక్తార్ చెయ్యి తిరిగి తన పొట్ట మీదికి పోయింది. చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. మొహంలో ఎరుపంతా దిగిపోయింది.

"నిజమేనా అన్నా?"

"నిజమే."

"నొప్పెడుతుందా?"

"సూది గుచ్చినట్టుంటుంది. తర్వాత ఝప్పారన్న వచ్చి మన్నిస్తాడు చూడు, అదే కష్టం."

తోక్తార్ నవ్వబోయి, నవ్వలేక, మంచం మీద కూర్చున్నాడు. అప్పుడే నర్సు చక్రాల మంచం తోసుకొచ్చింది. "కోటు, బూట్లు తీసేసి దీనిమీదికి జరపాలి. ఆయన్ని మాత్రం వంగనివ్వకండి."

పొడుగు తోలు బూట్లు, చలికి లోపల ఉన్ని. ఇనప కుర్చీల్లో మూడ్రోజులు విప్పకుండా కూర్చున్నాడేమో, పాదాలు వాచి బిగుసుకుపోయాయి. తోక్తార్ వంగబోయాడు.

"ఉండు" అన్నాడు ఎసెన్. గజ్జల్లో పట్టీలు లాగుతుంటే, మంచం కోడు పట్టుకుని మెల్లిగా నేల మీద కూర్చున్నాడు. తమ్ముడి మడమ ఒడిలో పెట్టుకుని బూటు లాగడం మొదలుపెట్టాడు.

తోక్తార్ కాలు వెనక్కి తీసుకోబోయాడు. "అన్నా, వద్దు! నువ్వేంటి నా కాళ్ళు..."

"నోరుముయ్. కోపం రాకూడదట నీకు."

ఝప్పార్ ఇక ఆగలేకపోయాడు. "ఎసెన్, మతి పోయిందా? పెద్దవాడివై ఉండి తమ్ముడి బూటు లాగుతావా? మన వంశంలో ఎక్కడైనా ఉందా ఇది?"

బూటు ఊడి చేతిలోకొచ్చింది. ఎసెన్ దాన్ని పక్కన పెట్టి, తలెత్తకుండానే అన్నాడు.

"రెండోది నువ్వు పట్టు అన్నా. టైం లేదు."

ఝప్పార్ బల్జాన్‌ని చూశాడు, నర్సుని చూశాడు. టోపీ తీసి కిటికీలో పెట్టి, కోటు అంచులు పైకెత్తి పట్టుకుని, మూలుగుతూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.